72 మోడల్ అంబాసిడర్‌కి 60 సైజు బోరింగ్ చేయించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా దగ్గరే, కాకినాడలో ఉంది. ఎనిమిదేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు. తిరిగిన చివరి రోజుల్లో నీలం పొగ బాగా వచ్చేది, ఇంజన్ ఆయిల్ తాగేసేది. ఈమధ్య హెడ్ విప్పించి చూస్తే మూడో సిలిండర్‌లో తుప్పు తినేసి గుంటలు పడ్డాయి. మిగతా మూడూ అరిగాయి గానీ నున్నగానే ఉన్నాయి. మా మెకానిక్ "నాలుగూ 60 సైజుకి బోరింగ్ చేయించేద్దాం, గుంటలు పోతాయి, పికప్ కూడా పెరుగుతుంది" అంటున్నాడు. ఇంకొకాయనేమో "బోరింగ్ జోలికి పోకండి, నాలుగింటికీ స్లీవులు వేయించేయండి" అంటున్నారు. బ్లాకు పాడైతే మళ్లీ దొరకదని టెన్షన్‌గా ఉంది. కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని కూడా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ బ్లాకుని, అంటే సిలిండర్లున్న ఇంజన్ పోతని, ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టించండి. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ కొలతలు తీయకుండానే మాట్లాడుతున్నారు. బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ గోడని కోసి కాస్త పెద్దది చేయడం, స్లీవ్ అంటే సిలిండర్ లోపల దించే కొత్త గొట్టం. సైజు అంటే సిలిండర్ వ్యాసాన్ని అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు పెంచారో ఆ అంకె. 60 సైజా, 20 సైజా, స్లీవా అన్నది తేల్చాల్సింది మైక్రోమీటరు, గోడ మందం చూసే గేజూను. పోత ఇనుములోంచి ఒకసారి కోసేసింది మళ్లీ రాదు. అందుకే కోతకి ముందు చేసే పనికే ఎక్కువ టైమివ్వాలి. కోత ఒక్క రోజులో అయిపోతుంది.

పికప్ సంగతి మొదట తేల్చేద్దాం, ఆ ఆశ ఉన్నంతసేపూ మనసు పెద్ద సైజు వైపే లాగుతుంది. మీ కారులో ఉన్నది ఇంగ్లండు కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బి సిరీస్ ఇంజన్. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 73.025 మి.మీ., అంగుళాల్లో 2.875. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 88.9 మి.మీ. లెక్క కడితే 1489 సీసీ. 60 సైజుకి తీస్తే బోరు 74.55 మి.మీ. అవుతుంది, ఇంజన్ 1552 సీసీ అవుతుంది. నూటికి నాలుగు పాళ్లు పెరిగినట్టు. 50 హార్స్ పవర్ దగ్గర తిరిగే ఇంజన్‌లో అది రెండు హార్స్ పవర్, స్టీరింగు పట్టుకున్న మనిషికి తేడా తెలియదు. రీబోర్ చేయించాక కారు హుషారుగా అనిపిస్తుందంటే, కారుతున్న కంప్రెషన్ మళ్లీ నిలబడటం వల్లే. ఆ లాభం 20 సైజుకి చేయించినా అంతే వస్తుంది.

కొంతమంది ఇంకాస్త ముందుకెళ్లి, "ఇదే బి సిరీస్‌లో 1622 సీసీ ఇంజన్ కూడా ఉంది కదా, 76.2 మి.మీ.కి తీసేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. వాటి బ్లాకు పోతపోసిన తీరే వేరు. 1489 బ్లాకు గోడలు ఆ కోతని దృష్టిలో పెట్టుకుని పోసినవి కావు. దీనికి బీఎంసీ ఇచ్చిన ఓవర్‌సైజులు 10, 20, 30, 40. అంటే స్టాండర్డ్ మీద అన్నేసి థౌలు ఎక్కువ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. కంపెనీ 40 దగ్గర ఆగిందంటే కారణం లేకుండా ఆగలేదు. 60 పిస్టన్లు బజార్లో దొరకడమూ, మీ బ్లాకు 60ని తట్టుకోవడమూ రెండు వేర్వేరు విషయాలు.

ఇక కొలతలు. పిస్టన్లు, క్రాంకు, కోర్ ప్లగ్గులు, ఆయిల్ దారుల ప్లగ్గులు, హెడ్ స్టడ్డులు అన్నీ తీయించి బ్లాకుని పూర్తిగా ఖాళీ చేయించండి. కెమికల్ ట్యాంకులో ఉడికించి కడిగిస్తారు. క్యామ్ బేరింగులు అందులో పాడవుతాయి కాబట్టి వాటిని మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి. కడిగాక పగుళ్ల కోసం డై టెస్టు, వాటర్ జాకెట్‌కి, అంటే సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీకి, ప్రెజర్ టెస్టు. ఎనిమిదేళ్లు నిలబడిన బ్లాకు, పైగా సముద్రం గాలి. ఇవి చేయించకుండా బోరింగ్ డబ్బు ఖర్చు పెట్టొద్దు.

సిలిండర్ అన్ని చోట్లా ఒకేలా అరగదు. పై రింగు ఆగే చోటికి కాస్త దిగువన అరుగుదల ఎక్కువ, అక్కడ వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. వేలు పెట్టి పైకి లాగితే గోరుకి ఒక అంచు తగులుతుంది, ఆ అంచు పైభాగం అరగని పాత బోరు. అలాగే అడుగున రింగులు చేరని భాగం కూడా పెద్దగా అరగదు. పక్కలకొస్తే, ముందు నుంచి చూస్తే ఎడమ గోడ, అంటే మన డ్రైవర్ కూర్చునే వైపు గోడ, ఎక్కువ అరుగుతుంది. పేలుడు జరిగినప్పుడు కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉండి పిస్టన్‌ని అటే నొక్కుతుంది. కాబట్టి ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యన, కింద, ఒక్కో చోట క్రాంకు పొడవు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి బోర్ గేజుతో కొలిపించి, కాగితం మీద రాయించుకోండి. ఎవరైనా నోటితో "బాగా అరిగింది సార్" అంటే సరిపోదు. పై నుంచి కిందికి తేడా ఎనిమిది థౌ దాటినా, గుండ్రం అయిదు థౌ దాటి కోలగా మారినా కొత్త రింగులు వేసి లాభం లేదు, రీబోర్ తప్పదు. ఆ లోపే ఉంటే హోనింగ్ చేసి, అంటే గోడని రాయితో సన్నగా రుద్ది, కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చు.

మూడో సిలిండర్ గుంటల దగ్గర ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. 20 సైజు అంటే వ్యాసంలో 20 థౌ, గోడలోంచి పోయేది ఒక్కో పక్క 10 థౌ మాత్రమే, పావు మిల్లీమీటరు. గుంట అంతకన్నా లోతుగా ఉంటే 20లో పోదు. 60 సైజులో కూడా ఒక పక్క పోయేది 30 థౌ, ముప్పాతిక మిల్లీమీటరు. తుప్పు గుంటలు అంతకన్నా లోతుగా దిగడం అరుదేమీ కాదు, ముఖ్యంగా నీళ్లు చేరి నిలిచిన చోట. 60కి కోశాక కూడా గుంట అడుగు నల్లగా కనిపిస్తూనే ఉంటే అప్పుడేం చేస్తారు? నాలుగు సిలిండర్లనీ పలచన చేసుకుని, మూడోదానికి చివరికి స్లీవే వేస్తారు. పైగా గుంట ఎక్కడుందో చూడాలి. రింగులు తిరిగే పరిధి కింద, బాగా అడుగున ఉన్న చిన్న చుక్కలతో నష్టం లేదు. రింగులు తిరిగే చోట, అందులోనూ పై సగంలో ఉంటే మాత్రం వదలకూడదు.

ఇప్పుడు స్లీవుల గురించి. "బోరింగ్ జోలికి పోకండి, స్లీవులు వేయించండి" అన్న పెద్దమనిషి మాటలో ఒక చిక్కుంది. స్లీవ్ వేయాలంటే దాని మందం మేర పాత గోడని కోయాలి. మామూలుగా దొరికే స్లీవుల మందం ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. అంటే 60 సైజు కన్నా రెట్టింపు నుంచి దాదాపు నాలుగింతలు లోతైన కోత. నాలుగింటికీ వేయిస్తే ప్రతి గోడా అంత పలచనవుతుంది. సిలిండర్ల మధ్య ఉన్న సన్నటి వారధుల మీద రెండు పక్కల నుంచీ బిగువు పడుతుంది. అలాగని స్లీవ్ చెడ్డదని కాదు. ఒక్క సిలిండర్ చెడి మిగతావి బాగున్నప్పుడు దానికన్నా మంచి మందు లేదు. అరిగితే రేపు ఇంకో స్లీవ్ మార్చుకోవచ్చు కూడా.

నా సలహా ఇదీ: మిగతా మూడు సిలిండర్లూ ఎంత తక్కువ సైజులో శుభ్రపడితే ఆ సైజుకి తీయించండి. మీరు చెప్పినదాన్ని బట్టి 20 సరిపోయే అవకాశం ఎక్కువ, అయితే కొలతలే చెప్పాలి. మూడోదాన్లో గుంట ఆ సైజుకి పోకపోతే దానికి మాత్రం స్లీవ్ వేయించి, ఆ స్లీవ్‌ని కూడా సరిగ్గా ఆ సైజుకే బోరింగ్ చేయించండి. నాలుగు పిస్టన్లూ ఒకే సైజు, ఒకే బరువు. 20లో ఇంజన్ 1510 సీసీ అవుతుంది. ముఖ్యంగా, ఇంకా రెండు సైజులు మీ పిల్లల కోసం మిగులుతాయి.

ఇందులో దేనికైనా ముందు గోడ మందం తెలియాలి. చాలామంది వదిలేసేది ఇదే. పోతపోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు కాస్త పక్కకి జరిగితే, బోరు గుండ్రంగానే ఉన్నా దాని చుట్టూ గోడ ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా వస్తుంది. బయటికి కనపడదు. దానికి తోడు మన దగ్గర ఏళ్ల తరబడి రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడిపిన కార్లే ఎక్కువ. వాటర్ జాకెట్ వైపు నుంచి తుప్పు గోడని తినేసి ఉంటుంది. మీ కారు పాతికేళ్లు పంపు నీళ్లతో తిరిగిందనే అనుకుని చూడండి.

అల్ట్రాసోనిక్ గేజుతో ప్రతి సిలిండర్‌నీ కనీసం నాలుగు దిక్కుల్లో, మూడు ఎత్తుల్లో చూడమనండి. పైపులు, ట్యాంకులు తనిఖీ చేసేవాళ్ల దగ్గర ఈ గేజు ఉంటుంది, మీ ఊళ్లో అలాంటి పనివాళ్లు దొరకడం కష్టం కాదు. ఒక్కటి మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి. వాళ్ల గేజు మామూలుగా ఉక్కుకి సెట్ చేసి ఉంటుంది. శబ్దం ఉక్కులో పోయే వేగం సెకనుకి దాదాపు 5.9 కిలోమీటర్లు, పోత ఇనుములో బాగా తక్కువ, అదీ పోతని బట్టి మారుతుంది. ఉక్కు సెట్టింగుతోనే పోత ఇనుమును చూస్తే 4 మి.మీ. గోడని 5 మి.మీ. అని చూపించేస్తుంది. లేని మందం ఉందనుకుని కోసేస్తాం. కాబట్టి మీ బ్లాకులోనే వెర్నియర్‌తో పట్టుకోగలిగిన చోటు, ఏదైనా ఫ్లాంజి అంచు లాంటిది, వెతికి, అక్కడ వెర్నియర్ ఎంత చూపిస్తే గేజు కూడా అంతే చూపించేలా సెట్ చేశాకే సిలిండర్ల దగ్గరికి రమ్మనండి.

కోత, హోనింగ్ అన్నీ అయ్యాక డ్రైవర్ వైపు గోడ ఎక్కడా 3 మి.మీ. కన్నా, మిగతా వైపులు రెండున్నర కన్నా తగ్గకూడదు. రోడ్డు మీద తిరిగే కారుకి నేను పాటించే హద్దు ఇది. అంతకన్నా పలచనైతే పేలుడుకి గోడ వంగుతుంది, రింగులు దాన్ని అంటుకుని ఉండలేవు, మళ్లీ పొగ, మళ్లీ ఆయిల్ ఖర్చు. వేడెక్కితే పగలొచ్చు కూడా. ఒక్క పక్క పలచనగా వచ్చిన సిలిండర్‌కి స్లీవ్ వేస్తే సరిపోతుందా అన్నది స్లీవ్ కోసం కోసిన తర్వాత మిగిలేదెంతో చూసి నిర్ణయించాలి.

మందం సరిపోతుందని తేలాక కూడా బ్లాకు వెంటనే షాపుకి పంపకండి. ముందు పిస్టన్లు కొనండి. 20 సైజు సెట్టు రింగులతో సహా చేతికొచ్చాక, పెట్టె విప్పి నాలుగూ చూసుకున్నాక, అప్పుడు బ్లాకూ పిస్టన్లూ కలిపి ఇవ్వాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. పాత బండ్లకి పిస్టన్ దొరుకుతుందనుకున్న సైజు దొరకదు, దొరికినా నాలుగూ ఒకే కొలతలో ఉండవు. బోరింగ్ అయిపోయాక 20 దొరకలేదని 30కి, 30 దొరకలేదని 40కి వెళ్లిపోయిన బ్లాకులు ఎన్నో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది.

పనివాడు ప్రతి పిస్టన్‌నీ స్కర్టు దగ్గర, అంటే రింగుల కిందున్న భాగంలో, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటరుతో కొలవాలి. దానికి పిస్టన్ కంపెనీ కాగితంలో రాసిన క్లియరెన్సు, అంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ, కలిపితే వచ్చేదే ఆ సిలిండర్ ఆఖరి కొలత. పిస్టన్ పైన 1, 2, 3, 4 అని గుర్తు పెట్టించండి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో అదే దానికి. క్లియరెన్సు బిగువైతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది, వదులైతే చల్లగా ఉన్నప్పుడు టకటకలాడుతుంది. "అందరికీ ఇంతే వేస్తాం" అనే జవాబు వస్తే వేరే షాపు చూసుకోండి.

షాపులో ఇంకొన్ని అడగాలి. బోరింగ్ బారుని బ్లాకు పై ముఖం మీద బిగించి కోసే పాత మిషన్లు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. వాటితో మంచి పని చేసేవాళ్లూ ఉన్నారు. కానీ పై ముఖం మీద ఒక చిన్న గరుకు ఉన్నా, అది మెయిన్ బేరింగుల వరసకి సరిగ్గా లేకున్నా, సిలిండర్ వాలిపోతుంది. కాబట్టి ముందు ఆ ముఖం చదునుగా ఉందో లేదో చూడమనండి. బారుని సిలిండర్ మధ్యకి సరిచూసే సెంటరింగ్ అరిగిన పై భాగం నుంచి కాకుండా అడుగున అరగని చోటు నుంచి తీసుకోవాలి. మెయిన్ బేరింగ్ క్యాపులు వాటి స్థానాల్లో, టార్కుకి, అంటే కంపెనీ చెప్పిన బిగువుకి, బిగించి ఉండాలి. స్లీవ్ వేసే సిలిండర్ అడుగున చిన్న మెట్టు వదలాలి, లేకపోతే స్లీవ్ ఏదో ఒక రోజు కిందికి జారుతుంది. స్లీవ్ పని ముందు చేయించి, తర్వాతే నాలుగింటినీ ఆఖరి సైజుకి తీయాలి. స్లీవ్ దిగేటప్పుడు పక్క సిలిండర్లు రవ్వంత కదులుతాయి.

బోరింగ్ టూలుతోనే ఆఖరి కొలత వరకు రాకూడదు. కోత టూలు ఇనుముని చీల్చినట్టు వదులుతుంది. చివరి మూడు థౌలు హోనింగ్‌కి ఉంచాలి. హోనింగ్ చేశాక గోడ మీద గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ వలలా కనపడాలి, ఆయిల్ నిలిచేది వాటిల్లోనే. అద్దంలా మెరిసే సిలిండర్‌ని చూసి ముచ్చటపడకండి, అందులో రింగులు కూర్చోవు. కోసిన వేడి మీద కొలవడం కూడా కుదరదు, చల్లారనివ్వాలి. సిలిండర్ పై అంచుకి చిన్న చాంఫర్, అంటే ఏటవాలు కోత, కొట్టించండి. హెడ్ గ్యాస్కెట్ రంధ్రం కొత్త బోరు కన్నా పెద్దదిగా ఉందో లేదో పెట్టి చూసుకోండి. అంచు లోపలికి పొడుచుకొస్తే అక్కడే కాలుతుంది.

బ్లాకు ఇంటికొచ్చాక కడగడం మీ చేతుల్లో పని. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిచేసి అయిందనుకోకూడదు. హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోలు దాన్ని బయటికి తేలేదు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు. రుద్ది, కడిగి, తర్వాత తెల్ల గుడ్డకి ఇంజన్ ఆయిల్ రాసి సిలిండర్ లోపల తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వచ్చినంతసేపూ మళ్లీ కడగాల్సిందే. ఆయిల్ దారుల్లో కూడా సన్నటి బ్రష్షు దూర్చండి. కాకినాడ గాలికి కడిగిన ఇనుము నిమిషాల్లో ఎర్రబడుతుంది, కాబట్టి ఆరగానే ఆయిల్ పట్టించాలి. కొత్త రీబోర్ ఆరు నెలలకే పొగ పెట్టిందంటే నేను మొదట అనుమానించేది ఈ కడుగుడినే.

రింగుల గ్యాపు, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ, ఒక్కో రింగునీ దాని సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజుతో చూడండి, ఈ బోరుకి 10, 12 థౌల మధ్య ఉంటే బాగుంటుంది. స్టార్టు చేశాక గంటల తరబడి ఐడిలింగ్‌లో వదలొద్దు, రింగులు కూర్చోవాలంటే కాస్త లోడు కావాలి. మెల్లగా రోడ్డెక్కించి, స్పీడు మారుస్తూ నడపండి. లాగి తొక్కొద్దు. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, హెడ్ నట్లు మళ్లీ టార్కుకి బిగించండి. ఇకపై రేడియేటర్లో కూలెంటే.

నీలం పొగకి ఇంకో దారి కూడా ఉంది, వాల్వ్ గైడులు, అంటే హెడ్‌లో వాల్వుల కాడలు కదిలే గొట్టాలు. హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి వాల్వులు గైడుల్లో ఎంత ఊగుతున్నాయో చూపించండి. సిలిండర్లు కొత్తవై గైడులు పాతవిగా మిగిలిపోతే పొగ అలాగే ఉంటుంది, మీరేమో బోరింగ్ వాళ్లని తిడతారు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వస్తే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకి ఇది వర్తిస్తుంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. వాహనం అసలు రూపంలోనే ఉండాలని, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ మార్పులు జరిగి ఉండకూడదని ఆ నిబంధనల్లో ఉంది. బ్లాకు మార్చకుండా, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోయేలా ఉంచి, కంపెనీ ఇచ్చిన ఓవర్‌సైజుల్లోనే ఆగడానికి ఇది ఇంకో కారణం. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో రీబోర్ సంగతి చెప్పి అడగండి. బ్లాకుని కెమికల్‌లో వేయక ముందు ఇంజన్ నంబరు ఫొటో తీసి ఉంచుకోండి. కొలతల కాగితం, పిస్టన్ల బిల్లు, షాపు బిల్లు మూడూ ఆర్సీతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా ఈ ఇంజన్ విప్పేవాళ్లకి ఏ సిలిండర్ ఏ సైజులో ఉందో, ఏ గోడ ఎంత మిగిలిందో ఆ కాగితమే చెబుతుంది.